మంచినీళ్ళ మీద అనుమానం

తార్నాకలో నేను అద్దెకున్న ఇంటి టీచరమ్మ నన్ను మొదటిసారి అనుమానించింది మంచినీళ్ళ దగ్గర. మార్చి నెల. క్లాసులు అయిపోయి ఇంటికొచ్చి చెప్పులు విడుస్తున్న. ఆమె వంటింటి గుమ్మంలో గ్లాసు పట్టుకొని నిలబడి ఉన్నది.

"ఏమ్మా, ఫిల్టర్లో ఏమన్నా కలిపావా?"

"నేనా? ఏం కలుపుత ఆంటీ?"

"రుచి మారింది. మీ ల్యాబులో రకరకాల సీసాలుంటాయిగా."

నవ్వులాటకు అంటున్నదనుకొని నవ్విన. ఆమె నవ్వలేదు. నా ముందే ఆ గ్లాసు సింకులో ఒంపేసి, కడిగి, మళ్ళీ పట్టుకొని తాగింది. తాగినంతసేపూ నా ముఖమే చూసింది.

మాది జనగామ దిక్కు ఊరు. నాయన పత్తి వేస్తడు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, యూనివర్సిటీలో డిగ్రీ మొదటి సంవత్సరం బయాలజీలో చేరిన. హాస్టల్ సీటు రాలేదు. ఆడపిల్లకు గది ఉన్నదని గేటుకు అంటించిన కాయితం చూసి టీచరమ్మ ఇంటికి వచ్చిన. ఆమెది బాపట్ల దగ్గర. మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పడానికి చిన్న వయసులోనే హైదరాబాదు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, రైల్వేలో పనిచేసే అల్లుడు మెట్టుగూడ క్వార్టర్స్‌లో ఉంటరు. ప్రతి ఆదివారం చర్చి అయిపోంగనే కూతురు తల్లితో పాటు ఇంటికి వచ్చేది.

వానకాలంలో నేను ఆ ఇంట్లో దిగినప్పుడు టీచరమ్మ అట్లాంటి మనిషి కాదు. సాయంత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని బయాలజీ పుస్తకం బయటికి చదివించేది. పరమాణువు, అయాన్, త్వచం, ద్రవాభిసరణం, ఈ మాటలన్నీ నాకు తెలుగులో కంఠస్థం. ఇంగ్లీషులో ఎదురుపడితే మాత్రం ఊరి మనిషిని పట్నంలో చూసినట్టు గుర్తుపట్టకపోయేదాన్ని.

"మాటని పలుకుతున్నావు గానీ అర్థాన్ని పలకట్లేదమ్మాయ్," అనేది టీచరమ్మ. "ఆస్మోసిస్. ఏంటి అది? నాకు చెప్పు."

"తక్కువ గాఢత నుంచి ఎక్కువ గాఢత వైపు అర్ధపారగమ్య త్వచం గుండా ద్రావణి అణువుల..."

"అది పదో తరగతి జవాబు. నాకు చెప్పు."

చెప్పరాకపోయేది. సోడియం సంగతి మాత్రం ఇద్దరికీ నచ్చింది. సోడియం ముక్కను నీళ్ళలో వేస్తే మండుతది. క్లోరిన్ ఊపిరి తీసే గాలి. సోడియం తన దగ్గరున్న ఒక ఎలక్ట్రాన్ ఇచ్చేస్తది, క్లోరిన్ పుచ్చుకుంటది. అప్పుడు రెండూ కలిసి కూరలో వేసుకునే ఉప్పయితది. "ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ నెమ్మదించారన్నమాట," అని ఆమె బాగా నవ్వింది.

ఆ చలికాలంలో ఆమెకు బీపీ ఎక్కువైంది. డాక్టరు కొత్త మాత్ర రాసిచ్చిండు, ఒంట్లో నీరు తీసే మాత్ర. ఉప్పు తగ్గించమన్నడు. టీచరమ్మ దేన్నీ సగం చేసే మనిషి కాదు. ఆవకాయ జాడీ వాచ్‌మన్ భార్యకు ఇచ్చేసింది. ఉప్పు డబ్బా పై అరలోకి పోయింది. నేను నా కంచం వరకు వేసుకునేదాన్ని. ఎండలు ముదిరినంక, వేడికి మంచిదని తనకు తానే నీళ్ళు పెంచింది. స్టీలు సీసా చంకలో బిడ్డలాగ ఎప్పుడూ ఆమె దగ్గరే ఉండేది. దానికి తోడు శ్రమదినాలు వచ్చినయ్. ఈస్టరుకు ముందు వాళ్ళు ఉపవాసం ఉండే రోజులు. పగలంతా ఏమీ తినకపోయేది, నీళ్ళు మాత్రం తాగేది. ఇవన్నీ నా కళ్ళ ముందే జరిగినయ్. అప్పుడు నాకు వాటిలో చూడాల్సిందేమీ కనబడలేదు.

నీళ్ళ గొడవ అయిన వారానికో ఏమో, క్లాసులో మేడం ఆలుగడ్డ ప్రయోగం చెప్పింది. కోసిన ముక్కలు కొన్ని ఉప్పునీళ్ళలో, కొన్ని మామూలు నీళ్ళలో వేసి మర్నాడు చూడమన్నది. నేను ఇంట్లో రెండు గ్లాసుల్లో వేసి వంటింటి కిటికీలో పెట్టిన. తెల్లారి లేచేసరికి టీచరమ్మ ఆ గ్లాసుల ముందు నిలబడి ఉన్నది.

"ఏంటిది?"

"ప్రాక్టికల్ ఆంటీ. ఉప్పునీళ్ళల్ల వేసిన ముక్క మెత్తబడ్డది చూడుండ్రి. దానిలోపలి నీళ్ళు బయటికొచ్చినయ్. ఇది మంచినీళ్ళల్లది, గట్టిగున్నది."

"ఎవరికి పెడదామని?"

"ఎవరికి పెడత? ఆలుగడ్డ ముక్కలు!"

ఆమె ఉప్పునీళ్ళ గ్లాసులో వేలు ముంచి నాలుకకు తగిలించుకున్నది. మళ్ళీ ముంచింది. మూడోసారి కూడా. ఏదో పట్టుకున్నట్టు ముఖం పెట్టి, రెండు గ్లాసులూ బాత్రూములో పారబోసింది. ఆ రోజు నుంచి వంటింటికి తాళం పడ్డది.

ఆ తర్వాత ఒకటి మీద ఒకటి. నేను స్నానానికి పోయి వచ్చేసరికి నా సంచీ జిప్పు తీసి ఉండేది. తలుపు దగ్గర కాళ్ళ చప్పుడు వినబడి తీస్తే ఆమె గోడ పట్టుకొని మెల్లగా వెనక్కి నడుస్తుండేది. నడకలో తూలు వచ్చింది. తల నొస్తున్నదనేది, అన్నం ముందు కూర్చుంటే వాంతి వస్తున్నదనేది. ఇదంతా నా మీద కోపంతో చేస్తున్న నాటకం అనుకున్న. కింది ఫ్లోర్ ఆమె మెట్ల మీద నన్ను ఆపి అడిగింది.

"ల్యాబుల మీరు ఏమేం తయారు చేస్తరు పాపా?"

"ఏం తయారు చెయ్యం ఆంటీ. మైక్రోస్కోపుల చూస్తం."

"అంతేనా?" అని నా సంచీ వైపు చూసింది.

నాకు అర్థమైంది, టీచరమ్మ చెప్పింది అని. ఒక రోజు ఆమె ఫోనులో మాట్లాడుతుంటే విన్న. "పంపించేద్దామనుకుంటున్నా. ఆ పిల్ల మంచిది కాదు." అవతల కూతురు. అప్పుడు నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. క్రిస్మస్ ముందు వాళ్ళ చర్చి నుంచి నర్సింగ్ చదివే అమ్మాయి ఒకామె ఇంటికొచ్చి, నా గది గుమ్మం దాకా వచ్చి చూసి పోయింది. ఇగ లెక్క తేలినట్టే అనిపించింది. ఆ అమ్మాయికి గది కావాలి. నన్ను ఊరికే వెళ్ళగొడితే బాగుండదు. అందుకని నీళ్ళు, గ్లాసులు, విషం అని కథ అల్లుతున్నది. వాళ్ళు వాళ్ళు ఒకటి, నేనెవరు?

అమ్మకు ఫోన్ చేసి చెప్పిన. అమ్మ ఇంకో మెట్టు పైకి పోయింది.

"గామెనే నీకేమన్న పెడతదేమో బిడ్డా. దొంగనే దొంగా అని మొత్తుకుంటడు. గాడ మంచినీళ్ళు గూడ ముట్టకు."

నేను ముట్టుడు మానేసిన. క్యాంపస్‌లో ల్యాబు బయట కూలర్ దగ్గర సీసా నింపుకొని తెచ్చుకునేదాన్ని. ఆమె పెట్టింది తినకుండా టిఫిన్ బండి దగ్గర తినేసి వచ్చేదాన్ని. ఒక సాయంత్రం మాత్రం, ఏం తోచిందో, ఆమె పెరుగన్నం కలిపి నా ముందు పెట్టింది. పాత టీచరమ్మ లాగే పక్కన కూర్చున్నది. నేను ముద్ద ఎత్తి, నోట్లో పెట్టుకునే ముందు వాసన చూసిన. చూస్తున్నానని నాకే తెల్వదు. ఆమె చూసింది.

"విషం లేదులే," అన్నది. "తిను."

నేను ఆ ముద్ద నోట్లో పెట్టుకున్న. ఆ పెరుగన్నంలో ఉప్పు లేదు. నేను తినలేకపోయిన.

ఆ వారంలోనే క్యాంపస్‌లో ప్రాక్టికల్. అడుగు భాగం ఊదారంగులో ఉండే ఆకు పొరను ఒలిచి స్లైడు మీద పెట్టినం. ఉప్పునీళ్ళ చుక్క పడంగనే ప్రతి కణంలోని రంగు గోడల నుంచి విడిపోయి మధ్యకు ముడుచుకుపోయింది. పదో తరగతి నుంచి మోస్తున్న మాట అప్పుడు కండ్లకు కనబడ్డది. పొర నీళ్ళను పోనిస్తది, ఉప్పును ఆపుతది. ఉప్పు ఎటు ఎక్కువుంటే నీళ్ళు అటు పోతయ్. అంతే. మేడం ఇంకో స్లైడు పెట్టింది, రక్తం చుక్క పలచగా కలిపింది. మామూలు నీళ్ళు తగలంగనే ఎర్ర కణాలు ఉబ్బి, పగిలి, మాయమైనయ్.

"మొక్క కణానికి గోడ ఉన్నది, ఉబ్బినా తట్టుకుంటది," అన్నది మేడం. "మనకు గోడ లేదు. అందుకే మన రక్తంలో ఉప్పు ఒక లెక్క ప్రకారం ఉండాలె."

పక్కనున్న అమ్మాయి అడిగింది. "మేడం, మరి మనం బాగా నీళ్ళు తాగితే పగులుతమా?"

అందరూ నవ్వినరు. మేడం నవ్వకుండా చెప్పింది. "కిడ్నీలు చూసుకుంటయ్, ఎక్కువైన నీళ్ళను తోసేస్తయ్. అవి చూసుకోనప్పుడు ముందు ఇబ్బంది పడేది మెదడు. ఉబ్బుదామంటే పుర్రెలో జాగ ఉండదు."

నేను ఆ మాట రాసుకున్న. రాసుకొని, సాయంత్రం హబ్సిగూడలో ఒక లేడీస్ హాస్టల్లో మంచం ఉన్నదంటే చూసి మాట్లాడుకొని వచ్చిన. ఆ ఇంట్లో ఇంక ఉండదల్చుకోలేదు.

మట్టల ఆదివారం పొద్దున నేను బట్టలు సర్దుకుంటున్న. ఆ రోజు వాళ్ళు చర్చికి ఈతమట్టలు పట్టుకొని పోతరు. టీచరమ్మ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మానలేదట. కూతురు నాకు ఫోన్ చేసింది.

"అమ్మ చర్చికి రాలేదు. ఫోనెత్తట్లేదు. ఏం చేస్తోంది?" అడిగే గొంతులో భయం కంటే కోపం ఎక్కువ వినబడ్డది.

హాల్లోకి పోయి చూసిన. టీచరమ్మ తెల్ల చీర సగం కట్టుకొని, సగం నేల మీద పడి ఉండంగ, కుర్చీ పట్టుకొని నిలబడి ఉన్నది. పక్కన వాంతి.

"ఆంటీ, ఏమైంది?"

"నువ్వెవరి తాలూకు?" అని అడిగింది. నిజంగా తెలియక అడిగింది. అప్పటి దాకా నేను నాటకం అనుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నతో కూలిపోయింది. నాటకమాడే మనిషి కండ్లు కావవి.

కూతురికి చెప్పిన. "కిందికి తీసుకురా, ఆటో ఎక్కించు, నేను వచ్చేస్తున్నా," అన్నది. చీర సర్ది, చెయ్యి పట్టుకొని మెట్లు దించిన. రోడ్డు మీదకు వచ్చేదాకా బాగానే వచ్చింది. ఆటో ఆగంగనే రెండు చేతులతో కడ్డీ పట్టుకొని అరిచింది.

"ఈ పిల్ల నన్నెక్కడికో తీసుకుపోతోంది! నీళ్ళలో ఏదో కలుపుతోంది!"

టిఫిన్ బండి దగ్గర తింటున్నవాళ్ళు ప్లేట్లు పట్టుకొనే వచ్చినరు. ఆటో ఆయన ఇంజన్ ఆపేసిండు.

"అమ్మా, ఈ పిల్ల నీకేమైతది?"

"నాకేమీ కాదు."

"ఏందమ్మా, ఎవరు నువ్వు? ఎటు తీస్కపోతున్నవ్ ఆమెని?"

"కిరాయికుంట అన్నా. ఆమెకు మంచిగ లేదు. దవాఖానకు..."

"ఏ దవాఖాన? ఆమె రానంటున్నది కదా, జబర్దస్తీ ఎందుకు?"

ఒకాయన ఫోన్ తీసి వీడియో పట్టిండు. నిజం చెప్తున్న, ఆ క్షణంలో నా మాటలు నాకే అబద్ధం లాగ వినబడ్డయ్. చర్చి నుంచి వచ్చేవాళ్ళు చేతుల్లో మట్టలతో ఆగి చూస్తున్నరు. టీచరమ్మ చెయ్యి నేను వదల్లేదు. వదిలితే పడిపోతదని తెలుసు. పట్టుకుంటే బలవంతం చేస్తున్నట్టు కనబడుతున్నది. చివరికి కూతురు స్కూటీ వచ్చింది. తల్లి కూతుర్ని గుర్తుపట్టింది, ఆటో ఎక్కింది. నేను కూడా ఎక్కబోతే కూతురు నన్ను ఆపలేదు, రమ్మని కూడా అనలేదు.

ఆస్పత్రిలో తల్లిని లోపలికి తీసుకుపోంగనే కూతురు నా వైపు తిరిగింది.

"ఏం పెట్టావో ఇప్పుడే చెప్పు. చెప్తే డాక్టర్లకి పనికొస్తుంది. నెలరోజుల నుంచీ అమ్మ చెప్తూనే ఉంది. ముసలితనం అనుకున్నా."

"అక్కా, నేనేం పెట్టలేదు."

"మరి నువ్వెందుకు ఆ ఇంట్లో నీళ్ళు తాగట్లేదు? అమ్మ అదీ చెప్పింది."

దానికి నా దగ్గర జవాబు ఉన్నది. మీ అమ్మ నాకేదో పెడుతదని భయపడ్డ అని. అది నోటికి రాలేదు. నీళ్ళు తాగకపోవుడు ఆమెకు సాక్ష్యం లాగ కనబడ్డదంటే తప్పు పట్టలేను. నేనైనా అట్లనే అనుకుందును.

చిన్న వయసు డాక్టరమ్మ బయటికొచ్చి, ఏం మాత్రలు వేసుకుంటరు, ఏం తింటరు అని అడిగింది. కూతురికి బీపీ మాత్ర వరకే తెలుసు. నేను చెప్పిన, కొత్తగా నీరు తీసే మాత్ర వచ్చిందని, ఉప్పు పూర్తిగా మానేసిందని, ఉపవాసాలని, పొద్దంతా నీళ్ళు తాగుతనే ఉంటదని. చెప్తుంటే నా గొంతు నెమ్మదైంది. మేడం మాట, పుర్రెలో జాగ ఉండదన్న మాట, అప్పుడు వచ్చి కూర్చున్నది నా ముందు.

"మేడం, సోడియం తగ్గిందా?" అని అడిగిన.

డాక్టరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "రిపోర్ట్ రానీ," అన్నది. కూతురు కూడా చూసింది, ఈ పిల్లకు ముందే ఎట్ల తెలుసు అన్నట్టు. తెలిసినా అనుమానమే, తెలియకపోయినా అనుమానమే.

రిపోర్టు వచ్చింది. సోడియం బాగా పడిపోయింది. ఆ మాత్రతో ఉప్పు ఒంట్లోంచి పోతున్నది, తిండిలో రావడం లేదు, పైనుంచి నీళ్ళు. రక్తం పలచబడి నీళ్ళు మెదడు కణాల్లోకి చేరినయ్. తలనొప్పి, వాంతులు, తూలుడు, అనుమానాలు, మనుషులను గుర్తుపట్టకపోవుడు, అన్నీ అందుకే ఉండొచ్చని డాక్టరమ్మ కూతురికి చెప్పింది.

"అయితే వెంటనే ఉప్పు ఎక్కించండి," అన్నది కూతురు.

"గబగబ ఎక్కించొద్దమ్మా. కణాలు ఆ పలచటి నీళ్ళకు అలవాటు పడి ఉంటయ్. ఒక్కసారే ఉప్పు పెంచితే లోపలి నీళ్ళు బయటికి లాగేస్తది, మెదడు దెబ్బతింటది. మెల్లమెల్లగ."

ఊదారంగు ఆకు నా కండ్ల ముందుకు వచ్చింది. రంగు గోడలను విడిచి ముడుచుకుపోయినట్టు. బెంచీ మీద కూర్చొని ఏడ్చిన. కూతురు పక్కకు వచ్చి కూర్చున్నది. కాసేపటికి, "టీ తాగుతావా?" అని అడిగింది.

ఈస్టరు నాటికి టీచరమ్మ తేరుకున్నది. మాత్ర మార్చినరు, ఉప్పు ఎంత తినాలో, నీళ్ళు ఎంత తాగాలో చెప్పినరు. కొన్ని రోజులు మెట్టుగూడలో కూతురి దగ్గరే ఉన్నది. నేను హబ్సిగూడ హాస్టల్ మాట పక్కన పెట్టి, ఒక సాయంత్రం మెట్రో ఎక్కి చూడబోయిన. క్వార్టర్స్ ముందు వేపచెట్టు కింద కుర్చీ వేసుకొని కూర్చుని ఉన్నది. చిక్కిపోయింది గానీ కండ్లు పాత కండ్లే.

"నిన్నేదేదో అన్నానంట."

"కొంచెం ఆంటీ."

"కొంచెమంటే?"

చెప్పిన. నీళ్ళు, గ్లాసులు, కింది ఫ్లోర్ ఆమె, ఆటో. ఆటో సంగతి ఆమెకు గుర్తు లేదు. చెంగుతో నోరు మూసుకొని విన్నది. సంచీ వెతికిన సంగతి చెప్పినప్పుడు మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది.

"అది గుర్తుందమ్మాయ్. అది ఒంట్లో బాగోక చేసిందని నేను చెప్పలేను. స్కూల్లో కూడా పిల్లల సంచులు వెతికేదాన్ని. నాకు మొదట్నుంచీ ఆ బుద్ధుంది."

"నర్సింగ్ అమ్మాయికి గది ఇద్దామనుకున్నరా?"

"ఏ నర్సింగ్ అమ్మాయి?" నిజంగానే కాసేపు ఆలోచించింది. "ఆ పిల్లా? వాళ్ళ కాలేజీలోనే హాస్టల్ ఉందిగా. నిన్ను పంపించేద్దామనుకున్న మాట నిజం. భయమేసింది నువ్వంటే."

"నాక్కూడ మీరంటే భయమైంది ఆంటీ."

ఆ మాట విని టీచరమ్మ నన్ను కొత్తగా చూసింది. ఆమె భయానికి రక్తపరీక్ష కాయితం ఉన్నది. నా భయానికి ఏమున్నది? మెట్రోలో తిరిగి వస్తూ దాన్నే ఆలోచించిన. ఆ నెలరోజుల్లో ఆమెలో ఏది ఉప్పు లేని మాట, ఏది ఆమె మాట, విడదీయడం నాకు ఇప్పటికీ చేతకాదు. వానకాలంలో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని చదివించిన ప్రేమ కూడా అట్లాంటి లెక్క మీదనే నిలబడి ఉండెనా అని నన్ను నేనే అడిగిన. ఏ పాఠంలోనూ దానికి జవాబు కనబడలేదు.

టీచరమ్మ మళ్ళీ తార్నాకకు వచ్చింది. వంటింటి తాళం తీసేసింది. సాయంత్రం చదువులు మళ్ళీ మొదలైనయ్. కింది ఫ్లోర్ ఆమె మాత్రం మెట్ల మీద నన్ను చూస్తే పక్కకు జరిగేది. సోడియం కథ టీచరమ్మ స్వయంగా చెప్పినా ఆమె నమ్మినట్టు లేదు. కూతురు ఆదివారాలు వచ్చేది. మర్యాదగానే మాట్లాడేది, మా అమ్మానాయనల మంచిచెడ్డలు అడిగేది. నేను టీ పెట్టి ఇస్తే తీసుకునేది. తీసుకొని, చేతిలోనే పట్టుకొని, నేను నా కప్పులోంచి మొదటి గుక్క తాగేదాకా మాట్లాడుతూ ఉండేది. మొదట్లో గమనించలేదు. గమనించినంక, కూర్చోంగనే ముందు నేనే తాగుడు అలవాటు చేసుకున్న. టీచరమ్మ మా ఇద్దరి కప్పుల వైపు చూసి కిటికీలోకి ముఖం తిప్పుకునేది.

రెండో సంవత్సరంలో క్యాంపస్‌లో హాస్టల్ సీటు వచ్చింది. పోతున్న ఆంటీ అంటే, ఎందుకని ఆమె అడగలేదు. ఇంగ్లీషు మాత్రం వదలొద్దని, రోజూ బయటికి చదవమని చెప్పి, ఆటో దాకా వచ్చి నా సంచీ తానే ఎత్తి లోపల పెట్టింది.